అవ్వ కూర్చున్న ఇంటర్‌బెల్లు

మొన్న ఎండలు ముదిరాయని పాత దిండ్లు విప్పి, మిద్దె మీద చీర పరిచి దూది ఆరబోశాను. ముద్దలు కట్టిన దూదిని పాయలు పాయలుగా విడదీస్తుంటే, ఎప్పటినుంచి ఇరుక్కుని ఉన్నాయో ఏమో, నాలుగు పత్తిగింజలు చేతికి తగిలాయి. వేలితో నలిపేసరికి కమురు వాసన లేచింది. నూనె, దుమ్ము, ఎండ మూడూ కలిసిన ఆ వాసన పత్తి ఫ్యాక్టరీల పక్కన పెరిగిన నా ఈడువాళ్ళకు తప్ప ఇంకెవరికీ తెలియదనుకుంటాను. మధ్యాహ్నమంతా ఆ దూది దగ్గరే కూర్చుండిపోయాను. మా అవ్వ గుర్తొచ్చింది.

మాది హాలహర్వి పక్కన చిన్న పల్లె. వరసగా వానలు మొహం చాటేస్తే నాయన ఎద్దులను అమ్మేసి మమ్మల్ని ఆదోనికి తెచ్చాడు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నాకు ఏడేళ్ళుంటాయేమో. నాయనకు పత్తి ఫ్యాక్టరీలో హమాలీ పని దొరికింది, అమ్మకు అక్కడే పత్తి ఏరే పని దొరికింది. కొండ కింద, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే గుండ్ల నీడ పడేచోట, బండల కప్పున్న ఒంటిగది ఇల్లు మాది. ఎండాకాలం ఆ గుండ్లు పగలంతా కాగి, పొద్దుగూకినాక కూడా పొయ్యి దగ్గర కూర్చున్నట్టు సెగ కొట్టేవి. పత్తి కాలం వచ్చిందంటే ఆస్పరి వైపు నుంచి, దేవనకొండ వైపు నుంచి బండ్లు తెల్లవారకముందే బారులు తీరేవి. ఎద్దుల మెడ గంటలు, బండివాళ్ళ కేకలు, టీ అంగడి దగ్గర తెలుగూ కన్నడమూ ఉరుదూ కలిసిపోయిన మాటలు, పొగలు కక్కే ఉగ్గాని మీద చల్లిన పప్పుల పొడి వాసన, వీటన్నిటి మీదా తేలుతూ తెల్లటి నూగు. కంపచెట్లకు, ఎద్దుల కొమ్ములకు, ఆరేసిన గుడ్డలకు, అందరి కనురెప్పలకూ పత్తి నూగే.

మా అవ్వ అంటే నాయనను కన్నతల్లి. పుట్టింది ఎమ్మిగనూరు. సాలెవాళ్ళ వీధిలో మగ్గాల చప్పుడు వింటూ పెరిగి, చిన్నప్పుడు కూలికి కండెలు చుట్టిందట. నేను ఎరిగేనాటికే ఆమె కళ్ళకు పొరలు కమ్మాయి. మనిషి ఆకారం మసకగా ఆనేది గానీ ముఖం ఆనేది కాదు. ఆ లోటు ఆమె చేతివేళ్ళు తీర్చేవి. బియ్యంలో రాయిని, చీరలో చిరుగును, నా కాలిలో విరిగిన ముల్లును వేళ్ళతోనే పట్టుకునేది. జొన్నరొట్టె తడితే చప్పుడును బట్టి పలుచనయిందో లేదో చెప్పేది. నోరు మాత్రం పెద్దది. వీధిలో ఎవరితోనైనా జగడం పెట్టుకుంటే గెలిచేదాకా ఇంట్లోకి వచ్చేది కాదు, గెలిచినాక వాళ్ళింట్లోనే కూర్చుని వక్కాకు వేసుకుని వచ్చేది.

నాకు అప్పుడు రెండు పనులు. పొద్దున్నే పాలు తాగే తమ్ముణ్ణి చంకనెత్తుకుని ఫ్యాక్టరీకి పోయి, అమ్మ వాడికి పాలిచ్చేదాకా పత్తి కుప్పల పక్కన కూర్చోవడం. మళ్ళీ వాణ్ణి తెచ్చి అవ్వకు అప్పగించి పలక తీసుకుని బడికి పరుగెత్తడం. ఆ హడావిడిలో తల దువ్వేవాళ్ళెవరు? ఫ్యాక్టరీలో తలకు పట్టిన నూగు అట్లాగే బడిదాకా వచ్చేది. నల్ల జుట్టు మీద తెల్లగా, మంచు పడ్డట్టు.

బడి అంటే ఒకే గది, ముందు అరుగు, వెనక కొంచెం ఖాళీ జాగా, అందులో ఒక వేపచెట్టు. చెట్టుకు వేలాడదీసిన రైలు పట్టా ముక్కే గంట. అన్ని తరగతులకూ ఒకరే అయ్యవారు. తలకు రుమాలు, పై పంచెకు నశ్యం మరకలు, చేతిలో బెత్తం. మంచి మనిషి. ఎక్కాలు పాటగా చెప్పేవాడు. పండగ ముందు రోజున పిల్లలు తెచ్చిన చక్కెర చిలకలు తనకొకటి ఉంచుకుని మిగిలినవన్నీ ఏమీ తేలేని పిల్లలకు పంచేవాడు. కానీ మధ్యలో ఆటవిడుపుకు ఇంటర్‌బెల్లు కొట్టగానే అరుగు మీద గోడకానుకుని కళ్ళు మూసుకునేవాడు. పొద్దుటినుంచీ అరిచి అరిచి అలిసిన మనిషి, ఏం చేస్తాడు పాపం. ఆ కాసేపట్లో వెనక వేపచెట్టు కింద జరిగేది ఆయనకు తెలిసేది కాదు.

అక్కడ రాజ్యం బసమ్మది. బసమ్మ నాకంటే రెండేళ్ళు పెద్దది, పత్తిబండి తోలే ఆయన కూతురు. పొడుగ్గా, పలుగు పళ్ళతో, ఊరంతా వినపడే గొంతుతో ఉండేది. నేను బడిలో చేరిన వారం లోపలే నా తల చూసి నవ్వి, అక్కడికక్కడే పాట కట్టింది.

“ముసిలవ్వా ముసిలవ్వా, కట్టె యాడ పెడితివే?”

అంతే. ఆ రోజునుంచి ఈరమ్మ అనే నా పేరు లేకుండా పోయింది. నేను నడిస్తే నా వెనక పదిమంది నడుములు వంచి నడిచేవాళ్ళు. నీళ్ళ బాన దగ్గరికి పోతే ముసలివాళ్ళు చివర్న తాగాలని నెట్టేసేవాళ్ళు. తాగే వంతు వచ్చేసరికి గంట కొట్టేసేవాళ్ళు. కుంటాటలో, గచ్చకాయల ఆటలో నన్ను చేర్చుకునేవాళ్ళు కాదు, ముసలివాళ్ళకు ఆటలేమిటని. నా మాటలో కన్నడ యాస ఉందని దాన్నీ వెక్కిరించేవాళ్ళు. తలను నీళ్ళతో తడిపి నూగు పోగొట్టుకుందామని చూస్తే అది ఇంకా అంటుకుపోయేది. పెద్ద దెబ్బలేం కావవి. ఒక్కొక్కటీ చెప్పుకోబోతే చెప్పుకోవడానికి కూడా సిగ్గేసేంత చిన్నవి. కానీ రోజూ తగిలేచోటే తగిలే చిన్న దెబ్బ ఎట్లా ఉంటుందో, తగిలినవాళ్ళకు తెలుస్తుంది. ఇంట్లో చెప్పలేదు. అమ్మ సాయంకాలం వచ్చేసరికి దగ్గుతూ, కళ్ళు ఎర్రగా చేసుకుని వచ్చేది. ఆమెతో ఇదొకటి ఎక్కడ చెప్పేది?

ఒకరోజు నా పలక పగిలింది. ఎవరు పగలగొట్టారని అయ్యవారు అడిగితే నేను నోరు విప్పలేదు గానీ, ఎవరో చిన్నపిల్లవాడు చెప్పేశాడు. ఆయన బసమ్మనూ, ఇంకో నలుగురినీ అరచేతులు వాచేలా కొట్టాడు. ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను. మర్నాడు పాట లేదు. పాటకు బదులు దగ్గు వచ్చింది. అయ్యవారు నల్లబల్ల వైపు తిరగగానే ఒక మూల నుంచి ముసలి దగ్గు, ఇంకో మూలన నడుం మీద చేయి. ఆయన తిరిగి చూస్తే అందరూ పుస్తకాల్లో తలలు దూర్చి ఉండేవాళ్ళు. బెత్తానికి మాట దొరికింది గానీ దగ్గు దొరకలేదు.

అందుకే ఒక పొద్దున తమ్ముణ్ణి అవ్వకు అప్పగించి బడికని బయల్దేరి, తిన్నగా ఫ్యాక్టరీకి పోయాను. అమ్మకు కనపడకుండా వెనక షెడ్డులోకి దూరాను. అక్కడ గింజ తీయని పత్తి మా ఇంటి కప్పుకంటే ఎత్తుగా పోసి ఉంది. చేతులతో తోడి ఒక గూడు చేసుకుని అందులో ముడుచుకుని పడుకున్నాను. ఎంత మెత్తగా ఉంది, ఎంత వెచ్చగా ఉంది. యంత్రాల మోత దూరమై, ఎవరో జోకొడుతున్నట్టనిపించి, నిద్రపోయాను.

కొత్తగా వచ్చిన బండి పత్తిని హమాలీలు పైనుంచి కుమ్మరించారు. మెలకువ వచ్చేసరికి అంతా తెల్లటి చీకటి. నోరు తెరిస్తే నోటినిండా నూగు. అరిచాననే అనుకున్నాను గానీ ఆ అరుపు నాకే వినపడలేదు. చేతులు ఆడిస్తే పైనుంచి ఇంకా దిగబడేది. అక్కడ ఎంతసేపున్నానో నాకు తెలియదు. తెలిసిందల్లా ఒక చెయ్యి వచ్చి నా కాలిని పట్టుకుని లాగడం. అమ్మ చెయ్యి. కుప్ప పక్కన నా పలక సంచి కనపడిందట ఆమెకు. పైకి తీసి నోట్లో వేలు పెట్టి నూగు లాగేసి, నేను ఊపిరి పీల్చి ఏడ్చినాక చెంప మీద ఒక్కటి కొట్టి, ఆ తర్వాత నన్ను గుండెకు కరుచుకుని నేల మీద కూలబడిపోయింది. చుట్టూ చేరిన ఆడవాళ్ళలో ఒకామె నాకు నీళ్ళు తాగించింది. బాన దగ్గర నన్నెవరూ నెట్టకుండా నేను కడుపునిండా తాగిన నీళ్ళు చాలా రోజులకు అవేనని అప్పుడు అనిపించింది.

సాయంకాలం అంతా బయటపడింది. అమ్మ విని, ఇంక బడి వద్దంది. తనతో పాటు పత్తి ఏరుతుందిలే, కళ్ళ ముందుంటుంది, రెండేళ్ళు పోతే కూలి కూడా ఇస్తారంది. నాయన నేల చూపులు చూస్తూ సరేనన్నాడు. మా వాడలో బడి మానిన ఆడపిల్లలు మళ్ళీ బడికి పోయింది లేదు. నాకు ఆ క్షణాన బాధ కూడా కలగలేదు. ఇంక ఆ పాట వినే పని లేదని హాయిగా అనిపించింది. మూలన కూర్చుని రొట్టె తింటున్న అవ్వ మాత్రం తినడం ఆపింది.

“రేపు బడికి నేను పోతా. ఆడ ముసిలవ్వ ఎవురో సూసొస్తా” అంది.

మర్నాడు ఇంటర్‌బెల్లు వేళకు తమ్ముణ్ణి నా చంకకెత్తి, ఒక చేత్తో నా భుజం పట్టుకుని, ఇంకో చేత్తో గోడలు తడుముకుంటూ వచ్చింది. నేను సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఈమె నోరు నాకు తెలుసు, బసమ్మ గొంతూ తెలుసు, ఈరోజు వీధంతా పోగవుతుందనుకున్నాను. అవ్వ నేరుగా వేపచెట్టు కిందికి పోయి నిలబడింది. ముగ్గుబుట్టలాంటి ఆ తల చూసి పిల్లలందరూ చప్పబడిపోయారు.

“ఈడ ముసిలవ్వ ఒగతె ఉండాదంట గదా. నాకంటే ముసిలిదా అని సూసిపోదామని వచ్చినా. నాకు కండ్లు ఆనవు, దగ్గరికి రాండి” అంది.

ఎవరో కిసుక్కుమన్నారు. అవ్వా నవ్వింది. ఆమెకు పళ్ళు ఎన్ని ఉన్నాయో అందరికీ కనపడింది. ఇంక పిల్లలు ఆగలేదు, ఒకటే నవ్వు. ముందుకొచ్చిన పిల్ల తల మీద అవ్వ చెయ్యి వేసి, వేళ్ళు ఆగిపోయి, ఇంతలేసి పేన్లేమిటే అని అక్కడే కాళ్ళు చాపుకుని కూర్చుని, ఆ పిల్లను ఒళ్ళోకి లాక్కుని పేన్లు చూడడం మొదలుపెట్టింది. జగడానికి వచ్చిన మనిషి జగడం సంగతే మరిచిపోయింది.

ఆ సందడికి అయ్యవారు లేచి వచ్చాడు. అవ్వ ఆయనకు ఫ్యాక్టరీలో జరిగినదంతా చెప్పింది. ఆయన ముఖం పాలిపోయింది. తలకున్న రుమాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. కోపంతో మళ్ళీ బెత్తం తెస్తాడనుకున్నాను. తేలేదు.

“కొట్టి సూసినా అవ్వా, ఇంకా ఎక్కువైనాది. నువ్వు దినామూ ఈయాలకు వచ్చి ఈడ కూసో. ఏమీ సెయ్యొద్దు, ఊరికే ఉండు సాలు” అన్నాడు.

ఊరికే ఉండే పని తనకంటే బాగా ఎవరు చేస్తారంది అవ్వ.

అట్లా మొదలైంది. గంట కొట్టేసరికి అవ్వ చెట్టు కింద ఉండేది. ఒళ్ళో ఒక తల, చుట్టూ పది తలలు, తమ్ముడు ఎవరో ఒకరి చంకలో. కొంగులో ఉలవ గుగ్గిళ్ళో, వేయించిన శనక్కాయలో ఉండేవి, తలా నాలుగు గింజలు. ఉగాది మర్నాడు మిగిలిన ఓళిగలను గోరంత ముక్కలుగా తుంచి తెచ్చేది. పీర్ల పండగప్పుడు మా పక్కింటివాళ్ళు ఇచ్చిన మలీదను, బెల్లం, యాలకుల వాసన కొట్టేదాన్ని, మూటకట్టి తెస్తే పిల్లలు వేళ్ళు నాకేవాళ్ళు. గచ్చకాయల ఆటలో తగువులు వస్తే గింజలు పడిన చప్పుడు విని తీర్పు చెప్పేది. ముఖాలు ఆనకపోయినా గొంతును బట్టి, తలను బట్టి అందరినీ గుర్తుపట్టేది. ఎవరి గొంతయినా ఒకరోజు వినపడకపోతే అది యాడికి పోయినాదని అడిగేది. ఒంటరిగా గోడ దగ్గర నిలబడ్డ పిల్లకు ఆమె కేక తప్పేది కాదు. నా తలను కూడా అందరి తలలతో పాటే దువ్వి, నూగు తీసి, ఆముదం రాసి జడ వేసేది. ఆ పాట ఎవరూ మానమని చెప్పలేదు. అసలైన ముసలవ్వ అక్కడే కూర్చుని గుగ్గిళ్ళు పెడుతుంటే దాన్ని ఎవరి మీద పాడతారు?

బసమ్మ మాత్రం వారం పది రోజులు దగ్గరికి రాలేదు. దూరంగా గోడమీద కూర్చుని కాళ్ళు ఊపేది. చివరికి పేన్ల బాధే ఆమెను తెచ్చింది. ఆమెకు తల చూసే దిక్కు ఇంట్లో లేదు, తల్లి పోయి ఏడాదయింది. అవ్వ ఒళ్ళో తల పెట్టి, కళ్ళు మూసుకుని, ఆ పెద్ద గొంతు ఎక్కడికి పోయిందో గానీ సన్నగా ఏదో చెబుతూ ఉంది. నేను అవ్వ వెనక ఆనుకుని కూర్చుని తమ్ముణ్ణి ఆడిస్తున్నాను.

“ఈరమ్మ రాకముందు నన్నే అంటాండ్రి అవ్వా. నా ఎత్తుపండ్లు సూసి పండ్ల బసి, పండ్ల బసి అని. ఈపిల్ల వచ్చినాక నన్ను ఇడిసిపెట్టినారు” అంది.

అవ్వ వేళ్ళు ఒక క్షణం ఆగి మళ్ళీ కదిలాయి.

“ఆ పేరు ఎంత బరువో నీకు తెలుసుగదమ్మా. ఇంగొకతె నెత్తిన పెడితే అది బరువు దించుకునేది గాదు” అంది. పేన్లు చూడడం అయ్యాక రెండు గుప్పిళ్ళు ఎక్కువే గుగ్గిళ్ళు పెట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికి పోయేదాకా అవ్వతో మాట్లాడలేదు. తర్వాత మూడు నాలుగు రోజులకు కుంటాటకు జట్లు పంచుకుంటూ బసమ్మ నా వైపు చూడకుండానే, “ఈరమ్మ నా పక్క” అంది. క్షమాపణ లాంటి మాటలు మా వాడ పిల్లలకు అప్పుడు తెలియవు. ఆ రోజు నేను ఒంటికాలి మీద ఎగిరి ఎగిరి పడిపోయి మోకాలు చీల్చుకున్నాను, నొప్పే తెలియలేదు.

అయ్యవారు కూడా మారాడు. మునుపు ఎవరైనా ఏడిస్తే ఎవరు అన్నారని అడిగేవాడు. ఇప్పుడు ఎవరు విన్నారని అడిగేవాడు. విన్నవాళ్ళు లేచి నిలబడితే, విని ఊరకే ఎందుకున్నారు, అవ్వతోనో తనతోనో ఎందుకు చెప్పలేదని వాళ్ళను నిదానంగా అడిగేవాడు. కొట్టేవాడు కాదు. పకపకా నవ్వి ఊరుకోవడానికి అలవాటు పడిన మాకు అట్లా లేచి నిలబడడం దెబ్బలకంటే కష్టంగా ఉండేది. మెల్లగా నవ్వేవాళ్ళు తగ్గారు. నవ్వేవాళ్ళు లేకపోతే వెక్కిరించేవాళ్ళకు మాత్రం ఏం సరదా?

మరుసటి ఏడు వానలు పడ్డాక దేవనకొండ వైపు నుంచి కూలికి వచ్చిన కిరస్తానీ కుటుంబం ఒకటి మా వాడలో దిగింది. వాళ్ళ పిల్ల సువార్తమ్మ. విషజ్వరం వచ్చి తగ్గిందట, తల నున్నగా గొరిగేసి ఉంది. ఆ పిల్ల మొదటిరోజు బడి గడపలో పలకను నెత్తి మీద బోర్లించుకుని నిలబడింది. ఆ రోజు అవ్వకు ఒళ్ళు వెచ్చగా ఉండి రాలేదు. ఇంటర్‌బెల్లు కొట్టారు. చెట్టు కింద ఎవరూ లేరు. ఎవరో గుండు అన్నారు. ఇంకెవరో దానికి తాళం వేశారు. అంతలో బసమ్మ గోడ మీది నుంచి దూకి, తిన్నగా వచ్చి సువార్తమ్మ చెయ్యి పట్టుకుని, ఎప్పుడూ అవ్వ కూర్చునే చోటికి తీసుకుపోయి కూర్చోబెట్టి, తానూ పక్కన కూర్చుంది. తాళం వేసిన పిల్లవాడి వైపు చూసింది.

“ఈపిల్ల నా పక్కన కూసుంటాది” అంది.

నేనూ పోయి అటుపక్క కూర్చున్నాను. ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. సువార్తమ్మ నెత్తి మీది పలక దించింది. సాయంకాలం ఇంటికి పోయి చెబితే, కంబళి కప్పుకుని పడుకున్న అవ్వ లేచి కూర్చుంది. బసమ్మ తలకు ఆముదం రాసి ఎన్నాళ్ళయిందో అని అడిగింది.

నేను అయిదో తరగతి దాటేదాకా అవ్వ వస్తూనే ఉంది. కాళ్ళు సహకరించక మంచాన పడ్డాక ఆ చోటికి సువార్తమ్మ వాళ్ళ జేజి, అంటే వాళ్ళ నాయనమ్మ, వచ్చింది. ఆమెకు కథలు బాగా వచ్చు, గుగ్గిళ్ళు మాత్రం మా అవ్వవే బాగుండేవని పిల్లలు అనుకునేవాళ్ళు. అవ్వ పోయిన రోజు అయ్యవారు బడికి సెలవిచ్చి పిల్లలందరినీ వెంటబెట్టుకుని వచ్చాడు. బసమ్మకు అప్పటికి పెళ్ళి కుదిరింది. అవ్వ తలను ఒళ్ళో పెట్టుకుని, ఆ నెరిసిన జుట్టును నిదానంగా దువ్వి ముడి వేసింది ఆమే.

బసమ్మ ఇప్పుడు లేదు. సువార్తమ్మ నర్సు పని చేసి, ఎక్కడో కొడుకు దగ్గర ఉందని విన్నాను. ఫ్యాక్టరీ ఉన్న చోట ఇళ్ళు లేచాయి, ఎద్దుల బండ్లు లేవు, గాలిలో నూగు లేదు. పోయిన ఏడు ఒక పెళ్ళికని ఆదోని పోయినప్పుడు పనిగట్టుకుని ఆ బడి దాకా నడిచాను. రెండంతస్తుల కట్టడం, ఎత్తయిన గోడ, ఇనుప గేటు. వేపచెట్టు కొట్టేసి నేలంతా సిమెంటు చేశారు. గేటు దగ్గరున్న అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు, బయటివాళ్ళను లోపలికి పంపకూడదని చెప్పి నాకు కుర్చీ కూడా వేశాడు. వాడి ఉద్యోగం వాడిది, తప్పు పట్టలేదు. అంతలోనే గంట మోగి పిల్లలు బిలబిలమని బయటికి వచ్చారు. ఎంత శుభ్రంగా ఉన్నారో, ఎంత చక్కటి బట్టలో. చూసి ముచ్చటేసింది. గేటు కమ్ముల్లోంచి చాలాసేపు చూశాను. పరుగులు, కేకలు, నవ్వులు అన్నీ ఉన్నాయి. వాళ్ళ మధ్య ఏ పనీ లేకుండా ఊరికే కూర్చుని ఉండే మనిషి మాత్రం నాకు ఎక్కడా కనపడలేదు.